రూబిస్కోనా, యాక్టివేజా: కొత్త వంగడాలకు ఏది మేలు?

వరి, గోధుమ ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియను మెరుగుపరచాలనుకునే ప్రజనన శాస్త్రవేత్తకు రెండు దారులున్నాయి. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే రూబిస్కో ఎంజైమ్‌లోనే మేలైన రూపాన్ని వెతకడం మొదటిది. ఆ రూబిస్కో పని ఆగిపోయినప్పుడు దాన్ని మళ్లీ పనిలోకి దింపే రూబిస్కో యాక్టివేజ్‌లో వెతకడం రెండోది.

చూపు ముందుగా రూబిస్కో మీదికే పోతుంది. అది సెకనుకు మూడు నాలుగు అణువులకు మించి పట్టదు. ఒక్కోసారి పొరపాటున ఆక్సిజన్‌ను పట్టి మొక్కను కాంతిశ్వాసక్రియ అనే దండగ ఖర్చులోకి దించుతుంది. ఆ నిదానాన్ని సంఖ్యతో పూడ్చుకోవాలని వరి తన ఆకులోని నత్రజనిలో సుమారు నాలుగో వంతును ఈ ఒక్క ఎంజైమ్‌కే కేటాయిస్తుంది. (మనం చల్లే యూరియాలో ఆకుకు చేరినదానికీ ఇదే లెక్క.) అయితే దీనిలో ముఖ్య భాగమైన పెద్ద ఉపభాగపు జన్యువు హరితరేణువులో ఉండి తల్లి మొక్క నుంచే వస్తుంది. రొట్టె గోధుమలో మూడు గడ్డిజాతుల జన్యువులు కలిసినా హరితరేణువు ఒకే తల్లి వంశానిది కనుక, ఎన్ని రకాలను పక్కపక్కన నాటినా ఆ జన్యువులో ఏరుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. రూబిస్కో మోతాదును పెంచడం వేరే సంగతి: జపాన్‌లో జన్యుమార్పిడితో అలా పెంచిన వరి పొలంలోనూ ఎక్కువ దిగుబడినిచ్చిందని 2020లో ప్రచురితమైంది.

యాక్టివేజ్ జన్యువులు కేంద్రకంలో ఉంటాయి, అంటే మామూలు సంకరణంతోనే వాటిని ఒక రకం నుంచి మరో రకానికి తేవచ్చు. పైగా ఎండ ముదిరితే రూబిస్కో కన్నా ముందు చతికిలబడేది ఇదే. గోధుమ యాక్టివేజ్‌లో ఒకచోట మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో ఐసోల్యూసిన్ చేరితే, ఆ ఒక్క మార్పుతోనే వేడిని తట్టుకునే శక్తి పెరుగుతుంది. ఉత్తర ఆస్ట్రేలియా అడవి వరి యాక్టివేజ్‌ను సాగు వరిలో పెట్టినప్పుడు వేడిలోనూ ఎదుగుదల, గింజ దిగుబడి మెరుగుపడ్డాయి. మబ్బు తొలగి పోటాకు (కంకి కింది చివరి ఆకు) మీద ఎండ పడిన క్షణాన ఆకు వెంటనే పూర్తి వేగం అందుకోదు, నిమిషాలు పడుతుంది. గోధుమలో ఈ ఆలస్యం ఖరీదు ఉత్పాదకతలో కనీసం 21 శాతం ఉండవచ్చని 2017 నాటి అంచనా. అది నమూనా లెక్కే అయినా, ఆలస్యానికి ముఖ్య కారణం రూబిస్కో మేల్కోవడానికి పట్టే సమయమే.

కాబట్టి సంకరణాన్నే నమ్ముకున్నవారికి యాక్టివేజే మేలని నా అభిప్రాయం. అయితే పూత వేళ 35 డిగ్రీలు దాటిన ఎండకు పుప్పొడి దెబ్బతిని యాసంగి వరిలో తాలు పెరిగితే, ఆ నష్టాన్ని ఆకులోని ఏ ఎంజైమూ పూడ్చలేదు. దానికి పూత సమయాన్ని మార్చే జన్యువులను విడిగా చూసుకోవాల్సిందే.