ఆరుబయట పాఠాలకు ఉపాధ్యాయుల శిక్షణ: రెండు రోజుల శిబిరమా, ఏడాది పొడవునా?

పిల్లలను చెట్ల కిందికి తీసుకెళ్లి నిప్పు రాజేయడం, ముడులు వేయడం, పుల్లలు చెక్కడం, గుడారం కట్టడం నేర్పాలని ఒక బడి నిర్ణయించుకుందనుకుందాం. ఆ పని ఎవరు నేర్పాలి, వారికి ఎవరు నేర్పాలి అన్న దగ్గరే చర్చ మొదలవుతుంది. సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. బయటి శిక్షకుణ్ణి పిలిపించుకోవడం ఒకటి, ఉపాధ్యాయులను రెండు మూడు రోజుల శిబిరానికి పంపడం రెండోది, బడి ఆవరణలోనే ఏడాది పొడవునా సాగే శిక్షణ మూడోది. నా మొగ్గు మూడోదాని వైపే. అయితే రెండోదాన్ని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను.

మొదటి దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చేయి తిరిగిన శిక్షకుడు వస్తే పిల్లలకు ఆ రోజు పండగే. కానీ ఆయన వెళ్లిపోయాక బడిలో మిగిలేది ఫొటోలే. కొండలెక్కడం, నదిలో పడవ నడపడం వంటివాటికి మాత్రం ఎప్పటికైనా బయటివారే రావాలి. కొద్దిరోజుల శిక్షణ పొందిన ఉపాధ్యాయుల మీద ఆ భారం పెట్టకూడదు.

రెండు రోజుల శిబిరం బలం చేతిపనిలో ఉంది. చాకు పట్టుకోవడం చూడండి. కూర్చుని తొడల మధ్య పుల్ల పెట్టుకుని చెక్కడం చాలామందికి సహజంగా వచ్చేస్తుంది. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. అక్కడ కత్తి దిగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కాళ్లకు అవతల, ఒంటికి దూరంగా చెక్కాలి. చెక్కబోయే ముందు చేయి చాచి చుట్టూ తిప్పి, ఆ మేరలో ఎవరూ లేరని చూసుకోవాలి. నిప్పు దగ్గరా ఇలాంటి పద్ధతులే ఉంటాయి. జుట్టు ముడి వేసుకోవాలి, వేలాడే బట్టలు సర్దుకోవాలి. నెగడు ముందు ఒక మోకాలు మాత్రమే నేలకు ఆనించి కూర్చోవాలి, గాలి మళ్లితే ఒక్క ఉదుటున వెనక్కి లేవగలగాలి. నీళ్ల బకెట్ ముందే పక్కన ఉండాలి. కాలితే కనీసం ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలి. అగ్గిపుల్లంత, పెన్సిలంత, బొటనవేలంత మందం ఉన్న చితుకులను విడివిడిగా పేర్చుకుని, ఆ తర్వాతే దూదికి నిప్పురవ్వ తగిలించాలి. ఇవన్నీ పుస్తకం చదివితే రావు, పక్కన ఒకరు కూర్చుని చేతిని సరిచేస్తేనే వస్తాయి. దానికి రెండు రోజులు చాలు. చాకు అంటే భయపడే ఉపాధ్యాయురాలు రెండో రోజు సాయంత్రానికి నెగడు రాజేసి లేచి నిలబడినప్పుడు ఆమెలో కలిగే ధైర్యాన్ని తక్కువ చేయకూడదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. శిబిరంలో ఉన్నవారంతా పెద్దవాళ్లు, చెప్పిన మాట వింటారు. కట్టెలు కొట్టంలో ఎండి సిద్ధంగా ఉంటాయి. స్థలం కూడా శిక్షణ సంస్థదే. బడికి తిరిగొస్తే ఎదురుగా ముప్పై మంది పిల్లలు, రాత్రి వానకు తడిసిన పుల్లలు, తలపైన విరిగి వేలాడుతున్న ఎండు కొమ్మ ఉంటాయి. ఆ కొమ్మను చూడమని ఎవరూ చెప్పరు. చెట్ల కిందికి వెళ్లగానే ముందు తలెత్తి పైకి చూడడం ఒక అలవాటు. అలవాట్లు రెండు రోజుల్లో పడవు.

దానికంటే లోతైన లోటు ఇంకొకటి ఉంది. నిప్పు రాజేయడం నేర్చుకోవడం వేరు, నిప్పు రాజేయలేక తంటాలు పడుతున్న పిల్లవాడి పక్కన ఊరుకుని కూర్చోవడం వేరు. వాడు చెకుముకి కడ్డీని పదిసార్లు గీస్తాడు. రవ్వలు దూది మీద కాక పక్కన పడుతుంటాయి. ఉపాధ్యాయుడి చేయి తనకు తెలియకుండానే ముందుకు వెళ్లి ఆ కడ్డీని అందుకుంటుంది, ఒక్క గీతతో మంట వస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు, కానీ ఆ పిల్లవాడు నేర్చుకోబోతున్నది అక్కడితో ఆగిపోయింది. తరగతి గదిలో ఏళ్ల తరబడి జవాబు అందించడమే పనిగా గడిపినవారికి ఆ చేతిని ఆపుకోవడం చాలా కష్టం. అది పదేపదే తప్పిపోతూ, ఎవరో గమనించి చెబుతుంటేనే కుదురుతుంది.

ఏడాది శిక్షణ విలువ ఇక్కడే తెలుస్తుంది. 1993లో బ్రిటన్‌లోని బ్రిడ్జ్‌వాటర్ కళాశాలకు చెందిన బృందం డెన్మార్క్ వెళ్లి అక్కడి ఆరుబయట శిశు పాఠశాలలను చూసి వచ్చింది. ఆ ప్రేరణతో, పిల్లలు చెట్ల మధ్య క్రమం తప్పకుండా గడుపుతూ నేర్చుకునే ఫారెస్ట్ స్కూల్ పద్ధతి బ్రిటన్‌లో వేళ్లూనుకుంది. ఆ పద్ధతిలో నాయకత్వ శిక్షణ కొద్ది రోజుల పాఠాలతో మొదలవుతుంది. తర్వాత అభ్యర్థి తన సొంత పిల్లల బృందంతో వరుసగా కొన్ని తరగతులు నడిపి, ఏం జరిగిందో రాసి, ఆరుబయట ప్రథమ చికిత్సలో కూడా అర్హత పొంది, అప్పుడే ధ్రువపత్రం అందుకుంటారు. ఈ ఆలోచన అంతకు ముందే ఉంది. 1919లో లండన్ దగ్గరి గిల్వెల్ పార్కులో స్కౌటు నాయకుల కోసం మొదలైన వుడ్ బ్యాడ్జ్ శిక్షణలోనూ శిబిరం ముగిశాక సొంత దళంతో పనిచేసి చూపించాల్సిన దశ ఉండేది.

సొంత ఆవరణలో, సొంత పిల్లలతో నేర్చుకుంటే నేల కూడా పాఠం చెబుతుంది. ఎండాకాలంలో నెగడుకు అనువుగా ఉన్న చోటు వానాకాలంలో బురదవుతుంది, గాలి దిశ మారుతుంది. ఏ మొక్క ఆకు తగిలితే దురద పెడుతుందో, ఏ కాయను ఎవరూ నోట్లో పెట్టకూడదో రుతువులు తిరిగితేనే తెలుస్తుంది. శిక్షణ ఇచ్చే మార్గదర్శి బడికి వచ్చి ఒక మూల కూర్చుని అంతా చూసి, చివర్లో ఒకే ప్రశ్న అడుగుతారు: "ఆ అమ్మాయి ముడి విప్పుకుంటుండగా మీరెందుకు మాట్లాడారు?" మంచి మార్గదర్శి అడిగిన ఆ ఒక్క ప్రశ్న రెండు రోజుల శిబిరమంత విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఏడాది శిక్షణకూ ఇబ్బందులున్నాయి. రాతపని బాగా పెరుగుతుంది. సగంలో ఆగిపోయేవారూ ఉంటారు, బదిలీ అయితే శిక్షణంతా వారితోనే వెళ్లిపోతుంది. ప్రధానోపాధ్యాయుడు వారానికి ఒక పూట కాలపట్టికలో కేటాయించకపోతే ఇది సెలవు దినాల మీద పడి ఉపాధ్యాయుణ్ణి అలసిపోయేలా చేస్తుంది. ఆ పూట ఇవ్వలేని బడి దీన్ని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పై తరగతుల పిల్లలతో చాకు, నిప్పు వరకూ వెళ్లాలనుకునే బడికి నా సలహా ఒక్కటే. ఇద్దరు ఉపాధ్యాయులను కలిపి ఏడాది శిక్షణలో చేర్చండి, ఒక్కరిని మాత్రం పంపవద్దు. ఒకరు నెగడు దగ్గర ఉంటే ఇంకొకరు మిగతా పిల్లలను చూసుకోవాలి. ఒకరు బదిలీ అయినా రెండోవారు మిగులుతారు. సాయంగా వెంట వచ్చే మిగతా సిబ్బందికి రెండు రోజుల శిబిరం సరిపోతుంది. చిన్న పిల్లలతోనే పని అయితే పెద్ద శిక్షణ కోసం ఆగనక్కర్లేదు. కూరగాయల తొక్క తీసే పీలర్‌తో పచ్చి పుల్ల బెరడు తీయడం, తాడుతో టార్పాలిన్ కట్టడం, ఆకులు పోల్చి చూడడం వంటివాటికి శిబిరంలో నేర్చుకున్నదే చాలు.

రుసుము చెల్లించే ముందు శిక్షణ సంస్థను ఒక మాట అడగండి: శిబిరం అయ్యాక మా ఆవరణకు, మా పిల్లలు ఉండగా, మీరు ఎన్నిసార్లు వస్తారు? తేదీలతో సహా జవాబు చెప్పేవారినే ఎంచుకోండి. ధ్రువపత్రం నమూనా చూపించి సరిపెట్టేవారి దగ్గర చేతిపని వరకు నేర్చుకుని, మిగతాదానికి వేరే మార్గదర్శిని వెతుక్కోండి.