గచ్చిబౌలి పోటీలకు వెళ్తే ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి

హైదరాబాద్ మెట్రోలో 'స్టేడియం' అనే పేరుతో ఒక స్టేషన్ ఉంది. అక్కడ దిగితే కనిపించేది ఉప్పల్ క్రికెట్ స్టేడియం. ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగిన గచ్చిబౌలికి పోవాలంటే అదే బ్లూ లైన్‌లో అవతలి కొసకు, రాయదుర్గం దాకా వెళ్లాలి. అక్కణ్ణుంచి ఇంకో ఐదు కిలోమీటర్లు మన తిప్పలు మనవే.

మా మేనకోడలికి గచ్చిబౌలిలో అథ్లెటిక్స్ పోటీలుంటే ఖమ్మం నుంచి మా అక్క, మా ఆవిడ, నేను తోడు వెళ్లాం. పిల్లల్ని పోటీలకు తీసుకెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు బస సంగతి. అలవాటు కొద్దీ లక్డీకాపూల్‌లో లాడ్జి తీసుకున్నాం. ఆ చుట్టుపక్కల పాతకాలం లాడ్జీల్లో ఇరవై నాలుగు గంటల చెక్‌అవుట్ ఇంకా ఉంది. తెల్లవారుజామున రైలు దిగేవాళ్లకు ఇంతకంటే మేలు లేదు. మధ్యాహ్నం పన్నెండింటి దాకా రూమ్ ఇవ్వని చోట్ల సామానుతో రిసెప్షన్‌లో కూర్చునే బాధ తప్పుతుంది. టిఫిన్లు దగ్గరే, మెట్రో మెట్లు కూడా దగ్గరే. చిక్కల్లా పోటీల టైముతోనే వచ్చింది. పిల్లలు ఆరింటికల్లా గ్రౌండ్‌లో ఉండాలన్నారు. మెట్రో మొదలయ్యేదే ఆరింటి ప్రాంతంలో. ఇక క్యాబ్ తప్ప దారి లేదు. ఆ టైములో యాప్‌లో రేటు చూస్తే నిద్రమత్తు వదిలిపోయింది.

మర్నాడు కొండాపూర్ వైపు మారాం. కిచెన్ ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్, శుభ్రంగా ఉంది. మా అక్క పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టింది, పరుగు ముందు పిల్ల కడుపు గురించి టెన్షన్ తీరింది. వారం మధ్యలో కంపెనీల పని మీద వచ్చేవాళ్లతో గదులు నిండిపోతాయట. శని, ఆదివారాలకు మాకు రేటు తగ్గించారు. అడగనిదే తగ్గించలేదు, అది కూడా చెప్పాలి.

అంతకుముందు 'స్టేడియానికి నడక దూరం' అని ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక బసను చూడ్డానికి వెళ్లాం. దూరం నిజమే, మధ్యలో రోడ్డుంది! ఆగకుండా పోయే కార్ల మధ్య నుంచి పదమూడేళ్ల పిల్లను దాటించే ధైర్యం మాకు లేదు. బండి మీద వెళ్తే ఎక్కడో యూటర్న్ చేసుకుని రావాలి. అందుకే గచ్చిబౌలిలో గది తీసుకునే ముందు అది రోడ్డుకు ఏ వైపుందో మ్యాప్‌లో చూసుకోండి.

ఇక స్టేడియం. పేరు జి.ఎం.సి. బాలయోగిది. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ ఏడాది చివర్లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు, 2007 అక్టోబర్‌లో ప్రపంచ మిలిటరీ క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. ఆఫ్రో ఏషియన్ క్రీడలు మళ్లీ ఎక్కడా జరగలేదు. మొదటివీ అవే, చివరివీ అవే. అప్పటికి శంషాబాద్ విమానాశ్రయం లేదు, 2008లో వచ్చింది. ఆటగాళ్లంతా బేగంపేటలో దిగి, ఊరు దాటి ఇక్కడికొచ్చేవాళ్లు. ఇప్పుడు విమానంలో వచ్చేవాళ్లకే సుఖం. శంషాబాద్‌లో పుష్పక్ బస్సెక్కితే ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి దగ్గర దిగొచ్చు. నగరం లోపలి నుంచి వచ్చేవాళ్లకే ఎక్కువ టైము పడుతుంది.

పక్కనున్న ఇండోర్ స్టేడియంలో 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ ప్రాంగణంలోని ఎత్తైన భవనాన్నే టిమ్స్ ఆసుపత్రి చేశారు. గ్రౌండ్ చూసి మా మేనకోడలు నోరు తెరిచింది. ఖమ్మంలో మట్టి ట్రాక్ మీద పరిగెత్తే పిల్ల మరి. తోడొచ్చిన పెద్దవాళ్ల సంగతి మాత్రం ఆ పోటీలు పెట్టినవాళ్లకు పట్టలేదు. నీళ్ల క్యాన్లు పిల్లలకే, నీడ ముందొచ్చినవాళ్లకే. గొడుగు, రెండు లీటర్ల నీళ్లు వెంట ఉండాల్సిందే.

పోటీ లేని పూట ఎల్బీ స్టేడియం వైపు వెళ్లాం. ఒకప్పటి ఫతే మైదాన్. అసెంబ్లీ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు, బయటికొస్తే నాంపల్లిలో ఇరానీ చాయ్. యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియానికీ మెట్రో దగ్గరే. సరూర్‌నగర్ స్టేడియానికి రెడ్ లైన్ ఉంది. పాత స్టేడియాలన్నిటికీ మెట్రో దొరుకుతోంది, అన్నిటికంటే పెద్ద క్రీడా ప్రాంగణానికే దొరకడం లేదు! 2036 ఒలింపిక్స్ మన దేశానికి వస్తే కొన్ని పోటీలు హైదరాబాద్‌కు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం అడుగుతోంది. ఇవ్వాలి కూడా. గదులకు, తిండికి ఈ నగరంలో లోటు లేదు. రాయదుర్గంలో దిగిన మనిషిని గేటు దాకా చేర్చే చిన్న బస్సు ఒకటి ముందు ఉండాలి.

మేము రాయదుర్గంలో దిగిన రోజు ఆటో అడిగితే, "మీటర్ లేదన్నా, రెండొందలియ్యి" అన్నాడు. బేరమాడితే నూట యాభైకి వచ్చాడు. ఆ తర్వాత సిటీ బస్సే నమ్ముకున్నాం. కొండాపూర్, లింగంపల్లి వైపు బస్సులు బాగానే దొరుకుతాయి. తెలంగాణ ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి మా ఆవిడకు, అక్కకు జీరో టికెట్, ఖర్చంతా నాదే.

తిండికి గచ్చిబౌలిలో డీఎల్ఎఫ్ ఆఫీసుల దగ్గరి బండ్లు రాత్రి పొద్దుపోయేదాకా ఉంటాయి. రుచి పర్వాలేదు, జనమే ఎక్కువ. పోటీ ముందురోజు మాత్రం పిల్లను అటు తీసుకెళ్లలేదు.

తిరుగు రైలుకు సికింద్రాబాద్ దాకా పోకండి. గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లిలోనే బయల్దేరుతుంది. గచ్చిబౌలి నుంచి సెంట్రల్ యూనివర్సిటీ మీదుగా అక్కడికి బస్సుంది. సాయంత్రం ఆఫీసులు వదిలే టైము కాబట్టి గంట ముందే కదలండి.