ఉద్దానంలో జీడిపూత తేనె

పలాస అంటే జీడిపప్పు గుర్తు రానివాళ్లు ఉండరు. ఆ పప్పు కాయడానికి ముందు వచ్చే పూత నుంచి తేనె కూడా తీస్తారని మాత్రం మా విజయనగరంలోనే చాలామందికి తెలియదు. చలి తగ్గుముఖం పట్టే రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం తోటలు విరగబూస్తాయి. ఆ కొద్ది వారాల్లో తీస్తేనే అది జీడిపూత తేనె, తర్వాత తీసేది మామూలు తేనె. దాన్ని తీసేచోటే చూడాలని ఫిబ్రవరిలో మా చెల్లీ నేనూ బయల్దేరాం.

వెళ్లడానికి రైలే హాయి. పలాస హౌరా లైనులో ఉంది కాబట్టి బళ్లకి కొదవ లేదు. పొద్దున పూట రైలు ఎక్కితే నౌపడ దగ్గర ఉప్పుమళ్లు చూస్తూ వెళ్లొచ్చు. బస్సు కూడా ఉంది గానీ హైవే మీద లారీల వెనక పోవడం తప్ప చూడ్డానికి ఏమీ ఉండదు.

మొదటి రాత్రి పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే ఇచ్చారు. కానీ వేడినీళ్లు ఏడు తర్వాతే వస్తాయన్నారు. తెల్లారకుండా తోటలో ఉండాల్సిన మాకు అది పనికిరాలేదు. ఇంకో ఇబ్బంది ఆటోలు. ఊళ్లలోకి తీసుకెళ్లడానికి రానూపోనూ కిరాయి అడుగుతారు, తోట దగ్గర ఆగమంటే మళ్లీ బేరం. జీడి ఫ్యాక్టరీలు చూసుకుని వెళ్లిపోయేవాళ్లకి ఆ లాడ్జి చాలు. తేనె కోసం వచ్చేవాళ్లకి చాలదు.

అందుకని మర్నాడు వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లెకి మారిపోయాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక అప్ప ఇంట్లో గది దొరికింది. రెండు మంచాలు, ఒక ఫ్యాను, పెరట్లో బాత్రూము, అంతే. ఏసీ లేదు, ఆ రోజుల్లో అవసరమూ లేదు. కిటికీ తీస్తే కొబ్బరితోట, దాని వెనక జీడితోట. పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం మెత్తళ్ల ఇగురు, ఒకరోజు పనసపొట్టు కూర. మా చెల్లి చేపలు తినదని తెలిసి ఆ అప్ప ఆమెకి విడిగా పప్పు వండింది. తాగడానికి మాత్రం టిన్ను నీళ్లే పెట్టింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎందుకొస్తున్నాయో ఇంకా పూర్తిగా తేలలేదు, అందుకే అక్కడ నీళ్ల విషయంలో అందరికీ భయమే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ, హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే పథకాన్నీ ప్రారంభించారు. అయినా ఊరు కాని ఊళ్లో టిన్ను నీళ్లే నయం.

ఇక తోట సంగతి.

జీడిపువ్వు దూరం నుంచి కంటికి ఆనదు. కొమ్మ చివర గుత్తులుగా గోరంత పూలు. విచ్చినప్పుడు తెల్లగా ఉంటాయి, తర్వాత గులాబీ చారలు వస్తాయి. ఒక గుత్తిలో మగపూలే ఎక్కువ, కాయ కట్టే పూలు కొన్నే. కానీ వాసన! తోటలోకి అడుగు పెట్టగానే మత్తుగా, తియ్యగా కమ్ముకుంటుంది. ఆ వాసన కోసమే అయినా పూత రోజుల్లో ఒకసారి వెళ్లాలని నా మాట.

తేనెటీగల పెట్టెలు చెట్ల నీడలో వరసగా ఉన్నాయి. స్టాండు కాళ్ల కింద నీళ్లు పోసిన చిప్పలు పెట్టారు, చీమలు ఎక్కకుండా. వాటిని పెంచే పెద్దాయన ముందే చెప్పారు, పెట్టె ద్వారానికి ఎదురుగా నిలబడొద్దని, సెంటు గానీ గాఢమైన నూనె గానీ రాసుకుని రావొద్దని. మాకు వలతొడుగులు ఇచ్చారు, ఆయన మాత్రం పొగడబ్బా ఒక్కటే పట్టుకుని మూత తీశారు. తుమ్మెదల గుంపులా ఎగబడతాయనుకుంటే అలా ఏమీ జరగలేదు. పొగ తగిలితే ఈగలు తేనె తాగడానికి పట్లలోకి దూరతాయి, కడుపు నిండిన ఈగ కుట్టడానికి అంతగా ఉత్సాహపడదు.

ఆయన దగ్గర ఉన్నవి ఎక్కువగా ఇటాలియన్ ఈగలు. తొర్రల్లో, పుట్టల్లో ఉండే మన నాటు ఈగల పెట్టెలూ కొన్ని ఉన్నాయి. 1990ల మొదట్లో దక్షిణాదిలో ఈ నాటు ఈగలకి సంచిరోగం అనే వైరస్ జబ్బు తగిలి గూళ్లకి గూళ్లే ఖాళీ అయిపోయాయి. ఇప్పటికీ తిండి తగ్గినా, తడి పెరిగినా పెట్టె వదిలి లేచిపోతాయట. అయినా వాటిని ఆయన వదులుకోలేదు. వీటి తేనె తక్కువగా వచ్చినా ఈ నేలకి అలవాటుపడిన ఈగలివే అంటారు.

నేను ముఖ్యంగా అడగాలనుకున్నది ఒకటే. ఈగ తనకి నచ్చిన చోటికి ఎగిరిపోతుంది కదా, ఒక్క పువ్వు తేనె ఎలా వస్తుంది? దానికి రెండు సంగతులు కలవాలి. మొదటిది ఈగ గుణం. ఒకసారి బయల్దేరిన ఈగ దారిలో నాలుగు రకాల పూల మీద వాలదు, ఒకే జాతి పువ్వుని పట్టుకుని తిరుగుతుంది. మంచి పూత దొరికితే గూటికొచ్చి నాట్యం చేసి మిగతావాటికి దిక్కూ దూరమూ చెబుతుంది. ఈ నాట్యం గుట్టు విప్పినందుకే కార్ల్ వాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ వచ్చింది. రెండోది పెంచేవాడి లెక్క. పెద్దాయన మాటల్లోనే చెబుతాను:

"జీడి తేనె కావాలంటే జీడి పూసీ నాటికి పై పెట్టి ఖాళీగుండాలమ్మా. పాత తేనె ఉంచీసి, దాని మీద కొత్తది పోయించీసి, ఇది జీడి తేనంటే ఎలగ? మళ్లీ ఏపపూత పడీలోగా తీసీయాల. ఒక్క వారం ఆగితే కలిసిపోద్ది."

అదీ కిటుకు. పూత మొదలయ్యే ముందు పై అరలోని తేనెంతా తీసేసి, ఖాళీ చట్రాలు వేస్తారు. కింద అరలో పిల్లల కోసం ఈగలు దాచుకున్నది ముట్టుకోరు. పూత ముదిరి పిందెలు కనిపించగానే పై చట్రాలు ఎత్తేస్తారు. ఆ తర్వాత వేప, దాని వెనకే కానుగ పూస్తాయి. మామిడి కూడా జీడితోపాటే పూస్తుంది కదా అని మా చెల్లి అడిగింది. మామిడి పూత మీద మామూలు ఈగలు వాలినంతగా తేనెటీగలు వాలవు, కాబట్టి దాంతో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా కొబ్బరితోనే. ఉద్దానంలో కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది, పుప్పొడీ మకరందమూ రెండూ ఇస్తుంది. అందుకే పెట్టెలు కొబ్బరికి దూరంగా, జీడి దట్టంగా ఉన్న తోటల నడుమ పెడతారు. ఎంత చేసినా కొబ్బరి కొంత చేరుతుంది. "జీడి ఎక్కువ" అంటారే గానీ "అచ్చంగా జీడే" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. అసలు ప్రయోగశాలలో చూసేది కూడా అదే. తేనెలోని పుప్పొడి రేణువుల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. ఒక మొక్కవి 45 శాతమైనా ఉంటే ఒక్క పువ్వు తేనె అనడం వాడుక. నూటికి నూరు అని ఎవరైనా సీసా మీద రాస్తే నేనైతే కొనను.

పెట్టెల్ని వేరే తోటకి మార్చాలంటే రాత్రి పూటే. చీకటి పడి ఈగలన్నీ గూటికి చేరాక ద్వారం మూసి బండి ఎక్కిస్తారు. మరీ దగ్గరికి జరిపితే లాభం లేదు, తెల్లారాక ఈగలు తిన్నగా పాత చోటికే పోయి అక్కడే తిరుగుతాయి.

పెద్దాయనకి అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది మందు కొట్టడం. జీడికి టీ దోమ పెద్ద శత్రువు. అది లేత చిగుళ్లనీ పూగుత్తుల్నీ పీలిస్తే కొమ్మలు మాడిపోతాయి. దాన్ని ఆపడానికి రైతులు చిగురు దశలో, పూత దశలో, పిందె దశలో మందు కొడతారు. పూతలో కొట్టేదే ఈగల ప్రాణం తీస్తుంది. అలా చచ్చిన ఈగలు నాలుక బయటపెట్టి పెట్టె ముందు కుప్పగా పడి ఉంటాయట. చుట్టుపక్కల రైతులతో ఈయన ఒక మాట అనుకున్నారు: ఒకరోజు ముందు చెప్పాలి, ఈగలు గూటికి చేరాక సాయంత్రమే కొట్టాలి. చాలామంది వింటున్నారు. ఎందుకంటే ఈగలు తిరిగితే వాళ్ల తోటలోనూ పూలు బాగా కాయకట్టుకుంటాయి. జీడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి ఎగిరేది కాదు, ఏదో పురుగు మోయాల్సిందే. ఇద్దరికీ మేలు జరిగే ఏర్పాటు అని తెలిసినా ఎక్కడో ఒకరు చెప్పకుండా కొట్టేస్తారు. ఆ నష్టం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

తేనె తీయడం మధ్యాహ్నం చూశాం. సముద్రపు గాలికి అక్కడ తేమ ఎక్కువ. మకరందం నీళ్లలా పల్చగా వస్తుంది. ఈగలు ఒకదాని నోట్లోంచి ఒకటి తీసుకుంటూ, రెక్కలతో విసురుతూ దాన్ని చిక్కబరిచి మైనంతో మూత వేస్తాయి. చట్రంలో మూడొంతులకి పైగా మూత పడితే గానీ పెద్దాయన తీయరు. తొందరపడి తీస్తే తేమ 20 శాతం దాటి, పులిసిపోతుంది. వేడినీళ్లలో ముంచిన కత్తితో మైనం మూతలు కోసి, చట్రాల్ని చేత్తో తిప్పే యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పారు. పట్టు చెక్కుచెదరదు, ఖాళీ అయ్యాక మళ్లీ పెట్టెలో వేసుకోవచ్చు. పల్చటి గుడ్డలో వడకట్టి, నురగ తేలేదాకా కదపకుండా ఉంచుతారు. నిప్పు మీద పెట్టరు.

రుచి ఎలా ఉందంటే, మొదట మెత్తటి తీపి, చివర నాలుక అంచున కొంచెం వగరు. కొన్నాళ్ల క్రితం వలిసెపూల తేనె తిన్నాను, అది దీనికన్నా తేలిగ్గా ఉంటుంది, త్వరగా పేరుకుంటుంది. ఈ రెండిట్లో నాకు జీడిదే నచ్చింది. మా చెల్లికి ఆ వగరు గిట్టలేదు. కిలో 700 రూపాయలకి ఇచ్చారు. బజారులో దొరికే సీసాల కంటే ఎక్కువే, కానీ ఆ పని దగ్గరుండి చూశాక బేరమాడాలనిపించలేదు.

పలాస బజారులో ఒకచోట జీడి తేనె అని అట్ట అంటించిన సీసా చూశాం. ఎప్పుడు తీశారు, ఏ తోటది అని అడిగితే జవాబు లేదు. రుచి చూపిస్తారా అంటే సీలు తీసేది లేదన్నారు. మీరు వెళ్తే కూడా ఈ రెండు ప్రశ్నలూ అడగండి. పెంచినవాళ్లయితే తేదీతో సహా చెబుతారు.

ఈ తోటల్లో చాలా చెట్లు చిన్నవే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. దశాబ్దాలుగా కాసిన జీడి, కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. అంటుమొక్క మూడో ఏడు నుంచి కాపు మొదలుపెట్టినా, నిండుగా పూయడానికి ఇంకా కొన్నేళ్లు కావాలి. కూలిన తోటల చోటే మళ్లీ నాటుకున్నవాళ్లని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపించింది.

మిగతా చోట్ల గురించి క్లుప్తంగా. మందసలో ఆగి కోవా తినకుండా రాకండి, పొద్దున వెళ్తే తాజాగా దొరుకుతుంది. అక్కడి వాసుదేవుడి గుడి ప్రశాంతంగా ఉంటుంది. బారువ బీచ్ అందంగా ఉంది గానీ మేం వెళ్లినప్పుడు తినడానికి ఏమీ దొరకలేదు, వెంట పట్టుకెళ్లాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి మాత్రం తప్పకుండా వెళ్లండి. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఊరి చెట్ల మీదే ఉంటాయి. ఊరివాళ్లు వాటిని శుభంగా తలుస్తారు, ఎవరూ జోలికి పోరు. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. పలాస నుంచి వీటన్నిటికీ ఒకేరోజు కారు మాట్లాడుకుంటే ఆటోల కంటే చవక పడుతుంది, ఇద్దరు ముగ్గురు కలిస్తే మరీను.

పెద్దాయన ఫోన్‌లో చెప్పినదాన్ని బట్టి, పూత ఏటా ఒకే తేదీకి రాదు. డిసెంబరులో వానలు పడితే వెనక్కి పోతుంది, మబ్బు పట్టినా దెబ్బే. అందుకని రైలు టిక్కెట్టు కొనే ముందే తోటవాళ్లని అడిగి వెళ్లండి. తేనె ఇంటికి తెచ్చుకునేటప్పుడు గాజుసీసా పట్టుకెళ్లండి, మాకు ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా మూత వదులై సంచిలో కొంత కారింది. చలిలో అడుగున పలుకు కడితే కల్తీ అనుకోకండి, అది గ్లూకోజు పేరుకోవడమే. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసాని కాసేపు ఉంచితే కరిగిపోతుంది.