డాక్టర్‌కి ఐదు స్టార్లు, బిల్లింగ్‌కి ఒక్కటి

పోయిన నెల మా అత్తమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్లుంటే కూకట్‌పల్లి వైపు ఒక కార్పొరేట్ హాస్పిటల్లో ల్యాప్రోస్కోపీ చేయించాం. పేరు రాయట్లేదు, చాలాచోట్ల ఇదే తంతు అంట.

ముందు మంచి చెప్తా. సర్జన్ గారు బంగారం, కాగితం మీద బొమ్మ గీసి మరీ అర్థమయ్యేలా చెప్పారు, మర్నాడు పొద్దున్నే అత్తమ్మ ఇడ్లీ తిని కారిడార్లో నడిచేసింది. గొడవంతా కింద ఫ్లోర్లోనే.

కౌంటర్లో మొదటి ప్రశ్నే "క్యాషా, ఇన్సూరెన్సా మేడమ్?" 5 లక్షల పాలసీ చూడగానే టీపీఏ డెస్క్ (హాస్పిటల్లో ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే కౌంటర్) అబ్బాయి "సింగిల్ రూమ్ తీస్కోండి, ఎలాగూ కంపెనీయే కదా కట్టేది" అన్నాడు. అక్కడే బుక్కయ్యాం. మా పాలసీలో రూమ్ రెంట్ లిమిట్ పాలసీ మొత్తంలో 1 శాతం, అంటే రోజుకి 5,000, ఆ రూమేమో 8,000. రెండ్రోజులకి తేడా 6,000 మనం కట్టేస్తే సరిపోద్దిలే అనుకున్నా, కానీ రూమ్‌ని బట్టి సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు, నర్సింగ్ అన్నీ పెరుగుతాయంట, ఆపరేషన్ టేబుల్ మాత్రం అందరికీ అదే! పైగా లిమిట్ దాటాం కాబట్టి కంపెనీ వాళ్లు ఆ ఫీజుల్లో కూడా అదే లెక్కన 8కి 5 వంతులే ఇచ్చారు. 1,68,000 బిల్లుకి వచ్చింది 1,12,000. మా చేతి నుంచి పడిన 56,000లో ఫీజుల కోతే 42,000, గ్లౌజులూ గట్రా కవర్ కావని ఇంకో 8,000.

స్కానింగ్ దగ్గర పరిచయమైన ఒకావిడది కూడా అదే సర్జన్, అదే ఆపరేషన్. షేరింగ్ రూమ్, క్యాష్ ప్యాకేజీ, బేరమాడి 85,000కి ఒప్పించుకున్నారంట. మా బిల్లులో సగం. ఆరోగ్యశ్రీలో అయితే ఏ ఆపరేషన్‌కి ఎంతో సర్కారే ప్యాకేజీ ఖరారు చేస్తుంది. ఇక్కడ కట్టేది కంపెనీ కదా అని మేం రేటే అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

డిశ్చార్జ్ ఇంకో కథ. హాస్పిటల్ బిల్లు పంపాక ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) రూల్ పెట్టింది, కంపెనీ రెండు గంటల్లోనే ఇచ్చేసింది కూడా. కానీ డాక్టర్ పొద్దున పదింటికి వెళ్లొచ్చన్నా హాస్పిటల్ వాళ్లు బిల్లు పంపిందే మధ్యాహ్నం మూడింటికి!

వెళ్లేవాళ్లు అడ్మిషన్‌కి ముందే పాలసీలో రూమ్ లిమిట్ చూస్కోండి, ఏ రూమ్‌కి మొత్తం ఎంతవుద్దో రాయించుకోండి, క్యాష్ రేటు కూడా అడగండి, మొహమాటపడకండి.

బయల్దేరుతుంటే ఆ టీపీఏ అబ్బాయే ట్యాబ్ పట్టుకొచ్చి "మేడమ్, ఐదు స్టార్లు కొట్టండి, మాకు టార్గెట్ ఉంటది" అన్నాడు. పాపం, వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు, ఇంటికొచ్చి ఇది రాస్తున్నా.