విమానంగా పూర్తి కిట్, పడవగా సగం కిట్: 1300 మి.మీ. బాల్సా సీప్లేన్ సమీక్ష

ఇది రేడియో రిమోట్‌తో ఎగరేసే మోడల్ సీప్లేన్ కిట్. రెక్క నిడివి 1300 మి.మీ., హల్ (పడవలాంటి పొట్ట) పొడవు సుమారు మీటరు, వెడల్పు 110 మి.మీ. లేజర్‌తో కోసిన బాల్సా, పోప్లర్ ప్లై ఫార్మర్లు (హల్ లోపలి అడ్డు చట్రాలు), రెక్క మీద పైలాన్ (నిలువు కాలు), పైలాన్ మీద మోటారు, రెక్క చివర్లలో చిన్న ఫ్లోట్లు. ఈ అమరికతో కిట్లు రెండు మూడు చోట్ల నుంచి వస్తున్నాయి, లోపలి నిర్మాణం అన్నిట్లోనూ దాదాపు ఒకటే. కాబట్టి ఇక్కడ చెప్పేది ఏ ఒక్క పెట్టె గురించో కాదు, ఈ రకం మొత్తానికీ వర్తిస్తుంది.

2024 నవంబరులో విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి వెళ్లిన ట్విన్ ఆటర్ రెండు పెద్ద ఫ్లోట్ల మీద నిలబడే విమానం. దీనికి ఆ ఫ్లోట్లు లేవు, పొట్టే పడవ. చిల్లు పడితే నీళ్లు నేరుగా రిసీవరు, బ్యాటరీ ఉన్న గదిలోకే వస్తాయి. చాలాకాలంగా వాడుతున్నాక నా అభిప్రాయం ఇది: గాల్లో దీని ప్రవర్తనకు వంక పెట్టలేం. రెక్క నిజాయితీగా ఎగురుతుంది, స్టాల్ (వేగం తగ్గి రెక్క పట్టు కోల్పోవడం) మెత్తగా వస్తుంది, భాగాల కోత కచ్చితంగా ఉంది. నీటి మీద నడవడానికి కావాల్సిన బలం మాత్రం పెట్టెలో లేదు, అది మనం కట్టుకోవాలి. అయితే అంతటా కట్టకూడదు.

బరువు సంగతి ముందే తేల్చుకోవాలి. పెట్టె మీద 1250 నుంచి 1350 గ్రాములు అని ఉంటుంది. కింద చెప్పిన పనులన్నీ చేశాక 3ఎస్ 2200 (మూడు సెల్లు, 2200 ఎంఏహెచ్) బ్యాటరీతో కలిపి 1540 గ్రాములు వచ్చింది. రెక్క వైశాల్యం 26 చదరపు డెసిమీటర్లు కనుక చదరపు డెసిమీటరుకు 59 గ్రాముల లోడింగ్. హాయిగా ఎగురుతుంది. 1700 దాటిస్తే నీటి మీంచి లేవడానికి పరుగు బాగా పెరుగుతుంది, దిగేటప్పుడు హల్ అడుగుకు తగిలే దెబ్బా పెరుగుతుంది. బలం కోసం చేర్చిన బరువే ఆ బలాన్ని తినేస్తుందన్నమాట. ఇంకో లెక్క: తోక దగ్గర 10 గ్రాములు పెరిగితే సమతూకం కోసం ముక్కులో 18 గ్రాముల దాకా పెట్టాలి. కాబట్టి స్టెప్‌కి (హల్ అడుగున మధ్యలో ఉండే మెట్టు) వెనక హల్‌ని కిట్‌లో ఉన్నట్టే వదిలేయడం మంచిది. అక్కడ 25 గ్రాముల (చదరపు మీటరుకు) గ్లాస్ క్లాత్ ఒక్క పొర చాలు.

జిగుర్లు. మామూలు తెల్ల ఫెవికాల్‌తో కట్టిన హల్ మొదటి వానకాలానికే కీళ్ల దగ్గర విడిపోతుంది, ఎందుకంటే అది నీళ్లకు మెత్తబడుతుంది. నీళ్లు తట్టుకునే మెరైన్ రకం అదే దుకాణంలో దొరుకుతుంది, అది తీసుకోండి. సూపర్ గ్లూ ఫార్మర్లను నిలబెట్టుకోవడానికి పనికొస్తుంది కానీ దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. హల్ అడుగు షీటుకు దాన్ని వాడొద్దు. ఐదు నిమిషాల ఎపాక్సీ తడిలో ఎక్కువసేపు ఉంటే మెత్తబడుతుంది. నిదానంగా గట్టిపడే స్టాండర్డ్ ఎపాక్సీయే ఫైర్‌వాల్‌కీ (మోటారు బిగించే పలక), పైలాన్‌కీ, స్టెప్‌కీ.

పోప్లర్ ప్లై ఫార్మర్లు తేలిక, కానీ కోసిన అంచుల నుంచి నీళ్లు పీల్చేస్తాయి. జోడించే ముందే అంచులన్నిటికీ పలచని ఎపాక్సీ పట్టించండి. హల్ మూసేశాక ఆ అంచులు చేతికి అందవు. స్టెప్ ఉన్న ఫార్మరూ, దాని ముందుదీ మాత్రం బర్చ్ ప్లైతో మళ్లీ కోసుకోవాలి, అదే 3 మి.మీ. మందం. రెంటికీ కలిపి పెరిగే బరువు పది పన్నెండు గ్రాములు. పైగా అది సీజీ (విమానం సమంగా తూగే బిందువు) కిందే ఉంటుంది కాబట్టి సమతూకం చెడదు.

ఇక హల్ అడుగు. కిట్ ఇచ్చేది 1.5 మి.మీ. బాల్సా షీటు. సాఫీ నీటి మీద దిగితే ఇది నిలుస్తుంది. గాలికి చిన్న అలలు లేచినప్పుడు దిగితే ఫార్మర్ల మధ్య షీటు లోపలికి సొట్టపోతుంది. పై నుంచి ఏమీ కనపడదు, కవరింగ్ కింద సన్న చీలిక ఉంటుంది. నీళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి. ముక్కు నుంచి స్టెప్ దాకా 2.5 మి.మీ. షీటు వేయండి, నార అడ్డంగా ఉండాలి, నిలువుగా కాదు. దాని మీద 49 గ్రాముల గ్లాస్ క్లాత్ రెండు పొరలు: మొదటిది నేరుగా, రెండోది 45 డిగ్రీల వాలుగా. పక్కల మీదికి 30 మి.మీ. ఎక్కించి 25 గ్రాముల పొరతో ముగించండి. ఎపాక్సీని బ్రష్‌తో పూసి వదిలేస్తే బరువు రెట్టింపవుతుంది. పాత ఏటీఎం కార్డుతో గీకేసి, ఆపైన టిష్యూ పేపరు రోల్ దొర్లించి మిగులు తీసేయాలి. క్లాత్ నేత కనపడేంత పొడిగా ఉండాలి. హల్ అడుగు మొత్తానికి క్లాతూ ఎపాక్సీ కలిపి 35 గ్రాములు దాటాయంటే చెయ్యి బరువుగా పడ్డట్టే.

స్టెప్ అంచు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిట్ సూచనల పుస్తకంలో దీని మీద ఒక్క వాక్యమే ఉంది. హల్ వేగం అందుకునేటప్పుడు వెనక భాగం కింద నీరు అంటుకుని లాగుతుంది. ఆ పట్టు తెంచడానికే స్టెప్. గ్లెన్ కర్టిస్ ఎగిరే పడవ కూడా 1912లో స్టెప్ పెట్టే దాకా నీటిని వదిలి పైకి లేవలేదు. మన మోడల్లో అదే భౌతికశాస్త్రం చిన్న కొలతలో పనిచేస్తుంది. గ్లాస్ క్లాత్ అంచు మీద మడత పడి స్టెప్ మూల గుండ్రంగా అయిపోతే నీరు ఆ వంపు వెంట వెనక్కి జారి అంటుకునే ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో విమానం చెరువంతా పరుగెడుతుంది, లేవదు. జనం మోటారు చాలలేదనుకుని పెద్దది కొంటారు. స్టెప్ వెంట 0.8 మి.మీ. ప్లై పట్టీ ఒకటి అతికించి, చివర కత్తి అంచులా నిటారుగా సాండ్ చేయండి. మోటారు మార్చే ముందు ఆ అంచు మీద వేలు పెట్టి చూసుకోవాలి.

స్టెప్ ఎక్కడుందో కూడా కొలవాలి. సీజీ రెక్క ముందంచు నుంచి 60 మి.మీ., అంటే 200 మి.మీ. కార్డ్‌లో (రెక్క ముందంచు నుంచి వెనకంచు దాకా వెడల్పు) 30 శాతం. స్టెప్ దానికి 10 నుంచి 15 మి.మీ. వెనక ఉండాలి. ఎక్కువ వెనకైతే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఎంత లాగినా ముక్కు లేవదు. సీజీకి ముందుకొస్తే పరుగులో ముక్కు పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగుడుదిగుడు కనిపిస్తే ముందు థ్రాటిల్ తగ్గించండి, ఎలివేటర్‌తో వెంటాడొద్దు, మన చెయ్యి ఎప్పుడూ అర క్షణం ఆలస్యమే. తర్వాత బ్యాటరీని 10 మి.మీ. ముందుకు జరిపి చూడాలి.

చైన్ అంచుల (హల్ అడుగూ పక్కలూ కలిసే మూలల) వెంట ముక్కు నుంచి స్టెప్ దాకా 5 మి.మీ. వెడల్పు స్ప్రూస్ పట్టీలు, కొద్దిగా కిందికి వాల్చి అతికించాలి. కిట్‌లో ఇవి లేవు. లేకపోతే పరుగు మొదట్లో లేచే తుంపర నేరుగా ప్రొపెల్లర్‌లోకి పోతుంది. ప్రొపెల్లర్ వేగం పడిపోతుంది, చెక్క ప్రొపెల్లర్ అయితే కొసలు అరిగిపోతాయి. పట్టీలకు ఖర్చు ఏమీ లేదు, తేడా మాత్రం మొదటి పరుగులోనే కళ్లకు కనిపిస్తుంది.

పైలాన్ ఈ కిట్‌లో అన్నిటికన్నా బలహీనం. 3 మి.మీ. పోప్లర్ ప్లై పలకలు రెండు, మధ్యలో బాల్సా, కింద రెక్క మధ్య భాగంలో గాడి. మోటారు అక్షం రెక్కకి 160 మి.మీ. పైన ఉంటుంది. థ్రాటిల్ తెరిచిన ప్రతిసారీ ఆ ఎత్తంతా మీటగా మారి గాడి దగ్గర పైలాన్‌ని ముందుకు వంచుతుంది. దానికి ప్రొపెల్లర్ వణుకు తోడు. కొంతకాలానికి గాడి అంచున కవరింగ్ ఫిల్మ్‌లో వెంట్రుకంత గీత వస్తుంది. అది ఫిల్మ్ ముడత కాదు, కింద ప్లై విరుగుతోంది. దీనికి మందు: 6 మి.మీ. కార్బన్ గొట్టాలు రెండు, ముందొకటి వెనకొకటి, మోటారు పలక నుంచి రెక్కలోని మెయిన్ స్పార్ (రెక్క పొడవునా సాగే ముఖ్య దూలం) దాకా దింపాలి. స్పార్ దగ్గర కెవ్లార్ దారంతో చుట్టి ఎపాక్సీ తాగించండి. బయట 49 గ్రాముల క్లాత్ వాలుగా, రెక్క పై షీటు మీదికి 40 మి.మీ. పాకేలా. ఇదంతా 28 గ్రాములు. ఈ కిట్‌లో అంతకన్నా మంచి ఖర్చు ఇంకోటి లేదు.

మోటారు ఎత్తున ఉండటంతో థ్రాటిల్ తెరవగానే ముక్కు కిందికి దిగుతుంది. నీటి మీద అది ప్రమాదం, ముక్కు మునుగుతుంది. ప్లాన్‌లో రెండు డిగ్రీల అప్‌థ్రస్ట్ (మోటారు అక్షం పైకి వాలు) ఉంది. ఐదు పెట్టాక బాగుంది. మిగిలింది ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్‌కి ఎలివేటర్ మిక్స్ (థ్రాటిల్‌తో పాటు ఎలివేటర్ దానంతటదే కదిలే అమరిక) ఆరేడు శాతం. 3536 సైజు మోటారు, 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు), 10×5 అంగుళాల ప్రొపెల్లర్‌తో సుమారు 300 వాట్లు. 40 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే బోర్డు). ఈఎస్‌సీ ఎక్కడ పెట్టాలన్నది వైరింగ్‌లో అసలు ప్రశ్న. హల్‌లో మూసిపెడితే వేడెక్కుతుంది. పైకి తీసుకెళ్లి బ్యాటరీ వైర్లు పొడిగిస్తే వోల్టేజి పోట్లకు కెపాసిటర్లు దెబ్బతింటాయి. పొడిగించాల్సింది మోటారు వైపు మూడు వైర్లు. ఈఎస్‌సీని రెక్క మధ్య భాగంలో, పైలాన్ మొదట్లో, గాలి తగిలే చోట పెట్టి, బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలనివ్వని పూత) పూస్తే రెండూ తీరతాయి.

రెక్క చివరి ఫ్లోట్లను బలంగా బిగించడం తప్పు. ఫ్లోటు అలను పట్టుకుంటే ఏదో ఒకటి ఊడాలి. ఫ్లోటు ఊడకపోతే రెక్క విరుగుతుంది. కిట్ ఫ్లోట్లను రెక్కలోకి ఎపాక్సీతో అతికించమంటుంది. అలా కాకుండా 2 మి.మీ. పియానో వైరు కాళ్లు, రెండు ఎం3 నైలాన్ బోల్టులతో పెట్టండి. హల్ సమంగా తేలేటప్పుడు ఫ్లోటు అడుగు నీటికి 5 మి.మీ. పైన, ముందుభాగం 3 డిగ్రీలు పైకి. ముక్కు వాలితే ఫ్లోటు నీటిని కోసుకుంటూ లోపలికి పోయి విమానాన్ని గిరుక్కున తిప్పేస్తుంది. రెక్కను హల్‌కి బిగించే ఎం5 నైలాన్ బోల్టులూ అంతే, ఉక్కువి వేయొద్దు.

నీళ్లు రాకుండా చేయడం అనే మాట నమ్మకండి, వస్తాయి. మ్యాగ్నెట్ మూత కింద మూసిన కణాల ఫోమ్ పట్టీ, ఎగిరే ముందు చుట్టూ పారదర్శక టేపు, ఇది సగం. స్టెప్ వెనక గోడలో 5 మి.మీ. రంధ్రం, దానికి రబ్బరు బిరడా, మిగతా సగం. విమానం ఒడ్డుకు రాగానే బిరడా తీసి ముక్కు పైకెత్తితే ఎంత వచ్చిందో తెలుస్తుంది. చెంచాడు వస్తే సహజం, కప్పు వస్తే వెతకాలి. ముక్కులో, తోకలో థర్మోకోల్ దిమ్మలు కూర్చండి. లీటరు దిమ్మ దాదాపు కిలో బరువును తేల్చుతుంది. చెక్క తనంతట తానే తేలుతుంది కనుక మొత్తం లీటరున్నర ఉంటే తలకిందులైనా ఒడ్డుకు కొట్టుకొస్తుంది. సర్వో (చుక్కానులను కదిపే చిన్న మోటారు) షాఫ్ట్ దగ్గర కాస్త సిలికాన్ గ్రీజు. మ్యాగ్నెట్ల నికెల్ పూత పగిలితే వారంలో తుప్పు మొదలు, వాటికి ఎపాక్సీ చుక్క. స్క్రూలు స్టెయిన్‌లెస్. ఉక్కు క్లెవిస్‌లు (సర్వో కడ్డీల చివరి కొక్కేలు) తీసేసి నైలాన్‌వి.

వాటర్ రడ్డర్‌ని (నీటిలో తిప్పే చుక్కాని) కిట్ ప్లాస్టిక్‌తో ఇచ్చింది, ఎండకు పెళుసైపోతుంది. 1.5 మి.మీ. గ్లాస్ ఎపాక్సీ షీటుతో కోసుకుని, తగిలితే వెనక్కి మడిచేలా స్ప్రింగుతో పెట్టాలి. మన చెరువుల్లో గుర్రపు డెక్క దీనికి అసలు శత్రువు. బ్లేడు స్థిరంగా ఉంటే తీగ చుట్టుకుని సర్వో పళ్లు పోతాయి.

ఎండ ఈ కిట్‌కి నీటంత నష్టం చేస్తుంది. మే నెలలో కారు డిక్కీలో పెడితే ముదురు రంగు ఫిల్మ్ బుడగలు లేస్తుంది, అతుకుల దగ్గర తెరుచుకుంటుంది, ఆ అతుకుల్లోంచే తర్వాత నీళ్లు దూరతాయి. హల్‌కి ఫిల్మ్ అసలొద్దు, గ్లాస్ మీద పలచని పెయింటు. రెక్కకి తెలుపు లేదా పసుపు.

ఎగరేసే చోటు విషయం. 2 కిలోల లోపు కనుక డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం మైక్రో తరగతి. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చెరువు గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) ఉందో లేదో ముందు చూసుకోండి. హైదరాబాదు చుట్టూ చెరువులకు లోటు లేదు గానీ బేగంపేట విమానాశ్రయం, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు కూడా అక్కడే ఉన్నాయి.

ఎవరికి పనికొస్తుందంటే, ఎలరాన్లున్న (రెక్కల మీద పక్కకు వంచే పలకలు) విమానం ఒకటి ముందే ఎగరేసినవాళ్లకి, ఎపాక్సీ చేతికి అలవాటైనవాళ్లకి. మొదటి మోడల్‌గా వద్దు. ఫోమ్ సీప్లేన్ తీసుకోండి, విరిగితే అక్కడే అతికించుకోవచ్చు. కొన్నవాళ్లు మాత్రం పెట్టె తెరిచిన రోజే, భాగాలను షీటు నుంచి ఊడదీయక ముందే, ఫార్మర్లన్నిటినీ, ఫ్లోటు పక్కలనీ అట్ట మీద గీసి పెట్టుకోండి. విడిభాగాలు విడిగా అమ్మరు, ఫ్లోట్లు మాత్రం తప్పకుండా మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.