చెక్క విల్లుకు మళ్లీ పూత వేయాలంటే: ట్రూ-ఆయిల్, పాలీయురెథేన్, షెల్లాక్‌లలో ఏది ఎక్కడ నిలుస్తుంది

టేబుల్ మీద పదేళ్లు చెక్కుచెదరని వార్నిష్ విల్లు మీద పగిలిపోవచ్చు. టేబుల్ కదలదు, విల్లు ప్రతి బాణానికీ వంగుతుంది. నారి లాగినప్పుడు లింబ్‌లో, అంటే చేత్తో పట్టుకునే పిడికి పైనా కిందా వంగే భాగంలో, లక్ష్యం వైపున్న ముఖం సాగుతుంది, మన వైపున్న ముఖం నొక్కుకుంటుంది. పూత కూడా దానితోపాటే సాగి ముడుచుకోవాలి. బిరుసుగా ఉండే పూతలకు అది చేతకాదు. లింబ్‌కు అడ్డంగా వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి, వాటిలోంచి తేమ లోపలికి దిగుతుంది. పగిలింది పూతా, చెక్కా అన్న అనుమానం మరో తలనొప్పి. అలాంటి గీత కనిపిస్తే ముందు దూదితో రుద్ది చూడాలి. పోగులు చిక్కుకుంటే చెక్క గానీ దాని మీద అతికించిన ఫైబర్‌గ్లాస్ పొర గానీ లేచిందన్నమాట, ఆ విల్లు ఎక్కుపెట్టకూడదు. దూది చిక్కుకోకపోతే 400 నంబరు సాండ్ పేపర్‌తో మెల్లగా రుద్దాలి. గీత మాయమైతే అది పూతలోదే.

అందుకే పూత ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది సాగే గుణం, తర్వాత దెబ్బ తగిలిన చోట సరిచేసుకునే వీలు, ఆ తర్వాత తేమను ఆపే శక్తి. మెరుపుది ఆఖరి స్థానం. మందంగా వేసిన పూత లింబ్ కొసల్లో బరువు పెంచి బాణం వేగాన్ని కూడా తగ్గిస్తుంది.

ఈ లెక్కన ఎక్కువ విళ్లకు మా మొదటి ఎంపిక బర్చ్‌వుడ్ కేసీ ట్రూ-ఆయిల్. అసలు తుపాకుల చెక్క భాగాల కోసం తయారైన ఈ పూతకు ఆధారం అవిసె నూనె. పచ్చి అవిసె నూనె రోజుల తరబడి జిడ్డుగానే ఉంటుంది, ఇది మాత్రం గంటల్లో ఆరి పలుచని పొరగా గట్టిపడుతుంది. వేలి మీద రెండు మూడు చుక్కలు తీసుకుని, చెక్క వెచ్చబడేదాకా రుద్ది, మిగిలింది నూలు బట్టతో తుడిచేయాలి. పూతకూ పూతకూ మధ్య కనీసం 2 గంటలు, గాలిలో తేమ ఉంటే ఒక రాత్రి ఆగాలి. రెండు మూడు పూతలకోసారి 0000 రకం స్టీల్ ఊల్‌తో (అతి సన్నని ఉక్కు పీచుతో) తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. 6 నుంచి 8 పూతలు చాలు. ఒక విల్లుకు 90 మి.లీ. సీసా కొంటే ఇంకా మిగులుతుంది.

దీనితో చెడేదంతా తొందరపాటువల్లే. మందంగా పూస్తే పైన మీగడ కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది, వారం తర్వాత కూడా వేలిముద్రలు పడతాయి. సీసాలోకి గాలి చేరితే మిగిలిన నూనె కూడా గడ్డకడుతుంది. మూత బిగించి తలకిందులుగా పెడితే కొంత నయం. తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకోగలవు. విడదీసి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి. రంగు కాస్త తేనె చాయ. ముదురు చెక్కకు అది అందమే, తెల్లటి మేపుల్‌కు మాత్రం పసుపు తిరుగుతుంది. గంటల కొద్దీ వానలో తిరిగే విల్లుకు దీని ఒక్కదాని మీదే భరోసా పెట్టుకోలేం.

అక్కడ పాలీయురెథేన్‌ది పైచేయి. నూనె ఆధారంగా ఉన్నదాన్ని మినరల్ టర్పెంటైన్‌తో సగానికి సగం కలిపి బట్టతో తుడిచినట్టు పూస్తే బ్రష్ గీతలు, బుడగలు ఉండవు. 4 నుంచి 5 పూతలు సరిపోతాయి. ఆరిపోయిన తన పొరనే ఇది సరిగా పట్టుకోదు కాబట్టి, ప్రతి పూతకు ముందు 400తో మెరుపు చంపాలి. ఈ మెట్టు దాటేస్తే తర్వాత పెచ్చులుగా లేస్తుంది. పడవల కోసం చేసే స్పార్ రకం ఇంకా బాగా సాగుతుంది, ఎండనూ తట్టుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ లింబ్‌లున్న విల్లును వానలో వాడేవారు ఇదే తీసుకోవాలి. చిక్కల్లా గీత పడినప్పుడే. ట్రూ-ఆయిల్ అయితే పడిన చోటే రెండు చుక్కలు రుద్ది కలిపేయవచ్చు. పాలీ అతుకు కనిపిస్తుంది, చాలాసార్లు ఆ ముఖమంతా మళ్లీ పూయాల్సి వస్తుంది.

లక్క నుంచి తీసే షెల్లాక్ పైపూతగా వద్దు. బిరుసు, నీళ్లు తగిలితే తెల్లబారుతుంది, స్పిరిట్ పడితే కరుగుతుంది. అడుగు పొరగా మాత్రం దీనికి సాటి లేదు. కోకోబోలో, రోజ్‌వుడ్ లాంటి చెక్కల్లోని సహజ నూనెలు పైపూతను ఆరనివ్వవు. అసిటోన్‌తో తుడిచి, మైనం తీసేసిన షెల్లాక్ ఒక పలుచని పొర వేస్తే ఆ బెడద తీరుతుంది. మైనం ఉన్న రకం వేస్తే దాని మీద పాలీ పట్టదు. నైట్రోసెల్యులోజ్ లాకర్ చూడముచ్చటగా ఉంటుంది కానీ పాతబడేకొద్దీ చిట్లుతుంది. తేనెమైనం పూత కాదు, పూత మీద రాసే అదనపు రక్ష.

ఏ పూత కొన్నా, పాతది తీసేటప్పుడు చేసే తప్పును అది కప్పిపుచ్చలేదు. పొరలు అతికించి చేసిన విల్లుకు పెయింట్ రిమూవర్, హీట్ గన్ రెండూ నిషిద్ధం. పొరలను పట్టి ఉంచేది ఎపాక్సీ జిగురు. రసాయనం దాన్ని తినేస్తుంది, వేడి మెత్తబరుస్తుంది. చెక్క మీద 220, 320, 400 వరుసలో చేత్తోనే రుద్దాలి. మెషిన్ సాండర్ ఒక లింబ్‌లో ఎక్కువ చెక్క తినేస్తే రెండు లింబ్‌లు సమంగా వంగవు, లాగే బరువూ (నారి లాగడానికి పట్టే బలం) మారుతుంది. ఫైబర్‌గ్లాస్ మీద 320తో మొదలుపెట్టి, నీళ్లు తడుపుతూ, పూత పోగానే ఆపాలి. పారదర్శక ఫైబర్‌గ్లాస్ అయితే ఎక్కడ పూత పోయి ఫైబర్‌గ్లాస్ మొదలైందో పొడి రంగును బట్టి తెలియదు, కాబట్టి మెరుపు పోయి మసకగా కనిపిస్తే చాలు. మాస్క్, చేతి తొడుగులు తప్పనిసరి. లింబ్ మీద చేత్తో రాసిన లాగే బరువు, పొడవు అంకెలుంటే వాటి చుట్టూ టేపు వేసి వదిలేయండి. అవి పోతే తిరిగి రావు.

పూతకు ముందు విల్లంతా మినరల్ టర్పెంటైన్‌తో తుడవాలి. నారి మైనం, సిలికాన్ పాలిష్ జాడలు మిగిలితే పూత అక్కడక్కడ గుంటలు పడి చేప కళ్లలా తేలుతుంది. నారి కూర్చునే గాడుల్లో ఒకటి రెండు పలుచని పొరలే వేయాలి, మందమైతే నారి రాపిడికి చిట్లుతుంది.

చివరి పూత తర్వాత కనీసం ఒక వారం నారి ఎక్కించకండి, సంచిలో పెట్టకండి. చేతికి ఆరినట్టే ఉంటుంది గానీ, లోపల ఇంకా మెత్తగా ఉన్న పూత మీద గుడ్డ నేత అచ్చు దిగిపోతుంది. బాణం ఆనే చోట తోలు ముక్క అతికించడం కూడా ఆ వారం గడిచాకే.