షుగర్ అదుపుకు ఏది మేలు: బరువు తగ్గడమా, టెస్టోస్టిరాన్ ఇంజెక్షనా?

పొట్ట పెరిగి, షుగర్ అంచున ఉన్న మగవాళ్లలో చాలామందికి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ కూడా తక్కువగా ఉంటుంది. ఇది రెండు వైపులా నడిచే వ్యవహారం. హార్మోన్ తగ్గితే గ్లూకోజ్‌ను వాడుకునే కండ కరిగి కొవ్వు పేరుకుంటుంది, ఇన్సులిన్ పట్టు సడలుతుంది. ఆ కొవ్వులోని ఆరోమటేజ్ అనే ఎంజైమ్, ఉన్న కాస్త టెస్టోస్టిరాన్‌ను కూడా ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. (ఆడవాళ్లలో లెక్క తిరగబడుతుంది. అండాశయాల హార్మోన్లు అదుపు తప్పే పీసీఓఎస్‌లో టెస్టోస్టిరాన్ ఎక్కువైనవాళ్లలోనే ఇన్సులిన్ సరిగా పనిచేయదు.)

బరువు తగ్గడానికి ఉన్న ఆధారం గట్టిది. 2002లో వెలువడిన అమెరికా డీపీపీ (షుగర్ నివారణ) అధ్యయనంలో 7% బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్నవాళ్లకు షుగర్ వచ్చే ముప్పు 58% తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31%. బరువు దిగేకొద్దీ సొంత టెస్టోస్టిరాన్ కూడా కొంత పెరుగుతుంది. అయితే కడుపు మాడ్చుకుని తగ్గితే కండ కూడా పోతుంది. అందుకే వారానికి రెండుసార్లయినా బరువులెత్తాలి, ప్రొటీన్ తగ్గించకూడదు.

ఇంజెక్షన్ తరఫున చెప్పేది 2021 నాటి ఆస్ట్రేలియా టీ4డీఎం అధ్యయనం. రెండేళ్లకు షుగర్ తేలినవాళ్లు ఉత్తుత్తి ఇంజెక్షన్ గుంపులో 21%, అసలు మందు గుంపులో 12%. తేడా నిజమే. కానీ రెండు గుంపులకూ ఆహారం, వ్యాయామాల కార్యక్రమం జతచేశారు. ఆ కార్యక్రమం లేకుండా టెస్టోస్టిరాన్ జెల్ రాసిన ట్రావర్స్ అనే మరో అధ్యయనంలో షుగర్ రావడం ఆగలేదు. అందులో వాడింది జెల్ అయినా, టెస్టోస్టిరాన్ ఒక్కదాని మీద భరోసా పెట్టుకోవడం కష్టమని ఇది సూచిస్తోంది. పైగా టీ4డీఎంలో మందు తీసుకున్నవాళ్లలో 22% మందికి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54% గానీ అంతకు మించి గానీ చేరింది, అంటే రక్తం చిక్కబడింది. వీర్యకణాలూ పడిపోతాయి కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

కాబట్టి షుగర్ కోసమే అయితే బరువు తగ్గడమే మేలు. కోరికలు తగ్గడం, అంగస్తంభన లోపం లాంటి లక్షణాలుంటే మాత్రం ఉదయం 10 లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించాలి. ఒబేసిటీలో, రక్తంలో టెస్టోస్టిరాన్‌ను మోసే ఎస్‌హెచ్‌బీజీ ప్రొటీన్ తగ్గి, మొత్తం టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అందుకే ప్రొటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉండే ఫ్రీ టెస్టోస్టిరాన్ కూడా చూడాలి. లోపం ఖాయమై ఇంజెక్షన్ మొదలుపెడితే 3 నుంచి 6 నెలల్లో హెమటోక్రిట్ చూడాలి, 54% దాటితే ఆపాలి. ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు, ఇన్సులిన్ డోసు సరిచూసుకోవాలి.